గాలికి మోటార్లు బిగించేవాళ్లు

మన పట్టణాల్లో ఈనాడు ఇంటింటా వినబడే ఫిర్యాదు ఒకటుంది: "నెట్టు సరిగా రావడం లేదండీ!" ఈ వాక్యంలో కర్త నెట్టు, కర్మ మాత్రం మనది. నేరస్థుడు ఎక్కడో కేబులు ఆ చివర, కంపెనీ కార్యాలయంలో కూర్చున్నాడని అందరి విశ్వాసం. నేను ఒప్పుకోను. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా నేనెరిగిన ఇళ్లలో చాలావాటి సంగతి ఇదీ: నెట్టు గుమ్మం దాకా నిక్షేపంగా వస్తోంది. రౌటరు దాటి చేతిలోని ఫోనుకు చేరవలసిన ఆఖరి ఇరవై అడుగుల్లో చతికిలబడుతోంది. ఆ ఇరవై అడుగులూ కంపెనీవి కావు. మనవి, మన పొరుగువారివి. అక్కడ జరిగే అనర్థానికి బాధ్యులం మనమే. అదీ ఊరికే కాదు, డబ్బు ఖర్చుపెట్టి మరీ తెచ్చుకుంటున్నాం.

వైర్‌లెస్‌కు మనవాళ్లు నిస్తంత్రి అని ముచ్చటైన మాట కల్పించారు. తంత్రి లేదు గనక హద్దూ లేదని మనం అర్థం చేసుకున్నట్టున్నాం. అసలు సంగతి అందుకు తలకిందులు. తీగ ఉన్నంతవరకూ ఎవరి మాట వారి తీగలో నడుస్తుంది. తీగ తీసేశాక అందరి మాటలూ ఒకే గాలిలో నడవాలి. వైఫై పుట్టినప్పటినుంచీ వాడుకుంటున్న 2.4 గిగాహెర్ట్జ్ పట్టీ మొత్తం వెడల్పు 83.5 మెగాహెర్ట్జ్. అందులో మన రౌటర్లు 13 ఛానెళ్లు చూపిస్తాయి. పదమూడు గదులున్న సత్రం దొరికిందని మురిసిపోకండి. ఛానెలుకూ ఛానెలుకూ మధ్య ఎడం 5 మెగాహెర్ట్జ్. ఒక్కో రౌటరు ఆక్రమించే చోటేమో 20. కాబట్టి ఒకదాన్నొకటి ఒరుసుకోకుండా నిలబడగలిగినవి మూడే: 1, 6, 11. వీధిలో ఎన్ని రౌటర్లున్నా దారులు మాత్రం ఆ మూడే.

ఈ విషయంలో రౌటర్లు మనకంటే మర్యాదస్థులు. మాట్లాడే ముందు చెవి ఒగ్గి వింటాయి. అదే ఛానెల్లో మరొకటి మాట్లాడుతుంటే ఆగి, అది ముగించాక తమ మాట చెబుతాయి. ఒకే ఛానెల్లో ఉన్న ఇద్దరు పొరుగువాళ్లు వంతులవారీగా నెగ్గుకొస్తారు. వేగం సగమవుతుంది గాని మాట చెడదు. "1లో జనం, 6లో జనం, 3 మాత్రం ఖాళీ" అని ఎవరో తెలివిగా 3లోకి చేరతారు చూడండి, అప్పుడు మొదలవుతుంది అసలు గలాటా. అతని సంకేతాలు 1కి సగం, 6కి సగం తగులుతాయి. అవి ఆ రెంటికీ మాటలుగా అర్థం కావు, ఉత్త రొదగా వినబడతాయి. అటూ ఇటూ అందరినీ చెడగొట్టి, తానూ చెడతాడు. ఖాళీగా కనబడిన ఆ స్థలం, నిజానికి రెండు బండ్ల మధ్య వదలవలసిన ఎడం.

ఇప్పుడు మన పేటలకు రండి. చైతన్యపురి, కొత్తపేట, గడ్డిఅన్నారం, సరూర్‌నగర్ వీధుల్లో అపార్ట్‌మెంటుకూ అపార్ట్‌మెంటుకూ మధ్య, ఈ కిటికీలోంచి ఆ కిటికీలోకి కరివేపాకు రెమ్మ అందించగలిగినంత దూరం. ఇక దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్ల చుట్టూ అల్లుకున్న హాస్టళ్లలో అంతస్తుకొక రౌటరు, దానికో తోకగా ఎక్స్‌టెండరు. మా ఇంటి వంటగదిలో నిలబడి లాప్‌టాప్ తెరిస్తే ముప్పై పైచిలుకు పేర్లు కనబడతాయి. వాటిలో ఎవరూ ఏమీ చూడకపోయినా గాలి నిశ్శబ్దంగా ఉండదు. ప్రతి పేరూ "నేనున్నాను, నేనున్నాను" అని సెకనుకు సుమారు పదిసార్లు చాటుకుంటుంది. అదీ సాధారణంగా అన్నిటికంటే నెమ్మదైన వేగంతో, అంటే అన్నిటికంటే ఎక్కువ సమయం తినేసే పద్ధతిలో. అతిథులకని ఇంకో పేరు, పిల్లలకని మరో పేరు పెట్టుకున్నవారు ఆ చాటింపును రెండింతలు మూడింతలు చేస్తున్నారన్నమాట.

ఎల్బీనగర్లో మా అక్కావాళ్లింటి ఉదంతం చెబుతాను. మేనల్లుడు ఉద్యోగాల వేటలో ఉన్నాడు. ఇంటర్వ్యూలన్నీ వీడియోలోనే. సాయంత్రం అయిదు దాటితే బొమ్మ బిగుసుకుపోయేది, మాట తెగిపోయేది. అవతలివారు రెండుసార్లు "మళ్లీ కబురు చేస్తాం" అన్నారు, చెయ్యలేదు. ఫిర్యాదు చేస్తే ఒక కుర్రాడొచ్చి, రౌటరు దగ్గర నిలబడి ఫోనులో వేగం కొలిచి, "లైన్ మంచిగనే ఉంది మేడం, ప్లాన్ పెంచుకోండి" అన్నాడు. బావ 100 ఎంబీపీఎస్ ప్లాన్ను 200 చేశాడు. తరవాత 300 చేశాడు. బిల్లు పెరిగింది, బొమ్మ కదల్లేదు.

నేను వెళ్లి చేసిన పని బ్రహ్మవిద్యేమీ కాదు. సాయంత్రం ఏడింటికి పది మీటర్ల తీగతో లాప్‌టాప్‌ను నేరుగా రౌటరుకు కలిపాను. 300కు దగ్గరగా చూపింది. తీగ పీకేసి అదే లాప్‌టాప్‌ను మేనల్లుడి గదిలో పెడితే 12. అర్ధరాత్రి దాటాక, అదే గది, అదే లాప్‌టాప్, 70! ఇంకేం సాక్ష్యం కావాలి? తీగలో మొత్తం వస్తోంది గనక కంపెనీ లైను నిర్దోషి. ఇరుగుపొరుగు నిద్రపోయాక ఆరింతలు పెరిగింది గనక రోగం గాలిలో ఉంది. రౌటరేమో కేబులు ఎక్కడికి వచ్చిందో అక్కడే, ఇనుప బీరువా వెనక బందీగా ఉంది. పై అంతస్తులో ఒక ఎక్స్‌టెండరు, పక్క ఫ్లాట్లో ఒకటి, కింద ఛానెల్ 4లో 40 మెగాహెర్ట్జ్ వెడల్పున, అంటే పట్టీలో ఇంచుమించు సగం మీద కాళ్లు చాపుకున్న రౌటరు ఒకటి. 300 కాదు, 1000 కొన్నా ఆ గదికి అందేది ఆ పన్నెండే. కాలువకు గండి పడితే చెరువును పెద్దది చేసి ఏం లాభం?

హైదరాబాదువాళ్లకు ఇదంతా అర్థం కావాలంటే నల్లా సంగతి గుర్తు చేస్తే చాలు. వేసవిలో నల్లా నీరు సన్నగిల్లుతుంది. ఒకాయన పైపుకు మోటారు బిగించి లాగుతాడు. ఆయన ట్యాంకు నిండుతుంది, పక్కింటికి ధార తగ్గుతుంది. పక్కింటాయనా మోటారు కొంటాడు. నెల తిరిగేసరికి వీధంతా మోటార్లే. నీళ్లు మాత్రం ఎప్పటివే. మోటారు కొనలేని చివరింటికి గాలి శబ్దం మిగులుతుంది. 2025 వేసవిలో జలమండలి వీధుల్లో తిరిగి, నల్లాలకు బిగించిన మోటార్లను స్వాధీనం చేసుకుని జరిమానాలు వేసింది. ఎక్స్‌టెండరు అంటే గాలికి బిగించిన మోటారు. అది కొత్తగా వేగాన్నేమీ పుట్టించదు. చవకరకం ఎక్స్‌టెండరు విన్న ప్రతి మాటనూ అదే ఛానెల్లో మరోసారి చెబుతుంది, అంతే. మీ వేగం సగమవుతుంది, పొరుగువాడి గాలి రెండింతలు నిండుతుంది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, అదీ ఇది. ఇక్కడ ఊడేది పక్కవాడి నాలుక కూడా.

శక్తి పెంచడమూ ఇలాంటి భ్రమే. నాలుగు కొమ్ముల రౌటరు, ఆరు కొమ్ముల రౌటరు అని మన దుకాణాల్లో కొమ్ములు లెక్కపెట్టి అమ్ముతారు, సంతలో పశువులను బేరమాడినట్టు. రౌటరు గొంతు ఎంత పెంచినా ఫోను గొంతు పెరగదు కదా! రౌటరు అరుపు మూడు గోడలు దాటి ఫోనుకు వినబడుతుంది. ఫోను ఇచ్చే జవాబు ఒక గోడ దగ్గరే ఆగిపోతుంది. తెరమీద గీతలు నిండుగా ఉంటాయి, పేజీ మాత్రం తెరుచుకోదు. ఈలోగా ఆ అరుపు పక్క మూడిళ్లవారి చెవుల్లో పడి వారి మాటలను ఆపుతుంటుంది.

రొదకు పొరుగు రౌటర్లే కారణం కానక్కర్లేదు, నిజమే. మైక్రోవేవ్ ఓవెను పనిచేసేదీ 2.45 గిగాహెర్ట్జ్ దగ్గరే. దాని మహిమ ఎంతటిదంటే, ఆస్ట్రేలియాలోని పార్క్స్ రేడియో టెలిస్కోపు శాస్త్రజ్ఞులను 1998 నుంచీ తికమకపెట్టిన కొన్ని వింత సంకేతాలు ఆకాశంలోంచి కాక తమ వంటగదిలోంచే వస్తున్నాయని 2015లో తేలింది. గంట మోగకముందే ఎవరో ఓవెను తలుపు తెరవడమే కారణం. యూఎస్‌బీ 3 పరికరాలూ తీగలూ ఈ పట్టీలో రొద చేస్తాయని ఇంటెల్ సంస్థ 2012లోనే పత్రం వెలువరించింది. రౌటరు పక్కనే హార్డ్‌డిస్కు పెట్టుకున్నవారు గమనించండి. వేల్స్‌లోని అబర్‌హోసన్ అనే పల్లెలో ఏడాదిన్నరపాటు ప్రతి ఉదయం ఏడింటికి ఊరందరి నెట్టూ పడిపోయేది. కేబుళ్లు మార్చినా కుదరలేదు. చివరికి ఇంజనీర్లు పరికరం పట్టుకుని ఊరంతా నడిస్తే, ఒకరింట్లోని పాత టీవీ వెదజల్లే విద్యుత్ రొదే కారణమని 2020లో బయటపడింది. అది తీగల నెట్టు, మనది గాలి నెట్టు. అయినా పాఠం ఒకటే. గడియారం చూడండి. ఏ వేళకు చెడుతోందో వారం రోజులు కాగితం మీద రాసుకోండి. దొంగ తానే దొరుకుతాడు. ప్లాన్ పెంచడం మాత్రం దొంగను పట్టుకోకుండా బీరువాలో మరింత సొమ్ము పెట్టడంలాంటిది.

కంపెనీలను వెనకేసుకొస్తున్నానని అపార్థం చేసుకోకండి. ఈ సందట్లో సడేమియా వారే. కేబులు ఎక్కడ ముగిస్తే సులువో అక్కడ రౌటరు వేలాడదీసి, పెట్టెలోంచి తీసిన అమరికలను అలాగే వదిలేసి పోతారు. వేగాన్ని రౌటరు పక్కన కొలుస్తారు, గదిలో కొలవరు. తీగతో ఒకసారి, గాలిలో ఒకసారి కొలిచి తేడా చూపడానికి అయిదు నిమిషాలు చాలు. చూపితే పెద్ద ప్లాన్ అమ్ముడుపోదు.

పోనీ చట్టం కాపాడుతుందా? మన దేశంలో 2005 జనవరిలో 2.4 గిగాహెర్ట్జ్ పట్టీకి లైసెన్సు అక్కర్లేదని కేంద్రం నియమాలు ప్రకటించింది. మంచి పని. అది లేకపోతే మనమెవరం ఇంట్లో రౌటరు పెట్టుకోగలిగేవాళ్లం కాదు. ఆ నియమాల్లో ఒక షరతు ఉంది, కొనేవాడికి ఎవరూ చెప్పనిది: ఈ పట్టీ ఎవరి సొంతమూ కాదు, అందరూ పంచుకోవలసినది, ఇక్కడ ఇతరుల వల్ల కలిగే అంతరాయం నుంచి ఎవరికీ రక్షణ లేదు. అంటే నల్లాకు జలమండలి ఉంది, గాలికి ఏ మండలీ లేదు. మన ఎల్బీనగర్‌కు 2018లో మెట్రో రావడానికి దాదాపు ఆరేళ్ల ముందు, 2012 నవంబరులో, చైనాలోని షెన్‌జెన్ మెట్రో రైళ్లు పదేపదే దారిలో ఆగిపోయాయి. ప్రయాణికుల జేబుల్లోని చిన్న వైఫై పెట్టెలూ, రైళ్ల సంకేతాల వ్యవస్థా ఇదే 2.4 పట్టీలో ఉండడమే కారణమని తేలింది. ఉమ్మడి గాలిలో రైలుకూ జేబులోని పెట్టెకూ ఒకటే అంతస్తు. మహా మహా రైళ్లకే దిక్కులేనప్పుడు, మూడో అంతస్తు ఫ్లాటు తరఫున వాదించేదెవరు? పొరుగువాడి పెద్దమనిషి తరహా తప్ప మనకు వేరే న్యాయస్థానం లేదు.

ఇక వాదాలకు వద్దాం.

"5 గిగాహెర్ట్జ్ ఉందిగా, ఇంకా ఈ గోలేమిటి?" అంటారు. ఉంది, వాడండి, అందరికంటే ముందు నేనే చెబుతాను. 2018 అక్టోబరులో కేంద్రం ఆ పట్టీలో మొత్తం 605 మెగాహెర్ట్జ్ లైసెన్సు లేకుండా విడిచిపెట్టింది. అది గోడలను బాగా దాటలేదని దుకాణదారులు చప్పరిస్తారు. అపార్ట్‌మెంట్లో అది లోపం కాదు, సుగుణం: మన మాట మన ఇంట్లోనే ఉంటుంది, వారి మాట వారింట్లో. అయితే అక్కడ కూడా 80, 160 మెగాహెర్ట్జ్ వెడల్పున పరుచుకునే అలవాటు అప్పుడే మొదలైంది. 80 చొప్పున కోస్తే ముక్కలు అరడజనే. చవకరకం కెమెరాలు, బల్బులు, ప్లగ్గులు ఇంకా చాలావరకు 2.4నే నమ్ముకుని ఉన్నాయి. 6 గిగాహెర్ట్జ్ పట్టీలో 1200 మెగాహెర్ట్జ్‌ను అమెరికా 2020లో తెరిచింది. మన దగ్గర దిగువ 500 మెగాహెర్ట్జ్‌కు ముసాయిదా నియమాలు వెలువడేసరికి 2025 మే నెల వచ్చింది. కొత్త పట్టీ వచ్చిన ప్రతిసారీ ఊరు ఖాళీ చేసి కొత్త ఊరికి పోదామంటే, పాత బుద్ధి కూడా మూటతోపాటే వస్తుంది.

"నా డబ్బు, నా రౌటరు, నా ఇష్టం" అంటారు. అక్కావాళ్ల కింది ఫ్లాటు పెద్దమనిషి అక్షరాలా అదే అన్నాడు. రౌటరు మీదేనండీ; గాలి మీది కాదు. మీ ఇంటి చెత్తబుట్ట మీదే, అయినంత మాత్రాన మెట్లమీద బోర్లించరు కదా. ఉమ్మడి గొడ్డు పుచ్చి చచ్చిందని మన పెద్దలు ఊరికే అనలేదు.

"మళ్లీ తీగలా? స్తంభాలమీద వేలాడేవి చాలవా?" అంటారు. ఆ తీగల ఘోరం మన కళ్ల ముందు జరిగింది. 2025 ఆగస్టులో రామంతాపూర్లో కృష్ణాష్టమి ఊరేగింపు రథానికి విద్యుత్తు సోకి అయిదుగురు ప్రాణాలు పోయాకగాని, స్తంభాలమీది కేబుళ్ల చిక్కు ఎవరికీ పట్టలేదు. ఆ తరవాత ఎడాపెడా కోసేస్తే నగరంలో ఎన్నో ఇళ్లకు నెట్టు పోయింది. కళ్లకు కనబడే చిక్కునే అన్నేళ్లు వదిలేసినవాళ్లం, కనబడని చిక్కును పట్టించుకుంటామా అన్నదే నా బెంగ. నేనడుగుతున్న తీగ స్తంభం మీదిది కాదు. ఇంటి లోపల, గోడలోని గొట్టంలోంచి, టీవీకీ బల్ల మీది కంప్యూటరుకూ పోయే పది మీటర్ల తీగ. కదలని వస్తువుకు గాలి ఎందుకు? కదిలే ఫోనుకు గాలిని వదిలిపెడితే, ఊళ్లో గాలి సగం తేలికపడుతుంది.

కాబట్టి నా డిమాండ్లు ఇవి. అపార్ట్‌మెంటు సంఘాలు లిఫ్టు గురించి, వాచ్‌మన్ జీతం గురించి తీర్మానాలు చేసినట్టే వీటినీ తీర్మానించాలి:

1. 2.4లో ఎవరైనా 1, 6, 11 ఛానెళ్లలోనే ఉండాలి. వెడల్పు 20 దాటరాదు.

2. రౌటరు శక్తి తగ్గించే వీలుంటే తగ్గించాలి. మన గోడల దాకా వినబడితే చాలు.

3. ఎక్స్‌టెండరు బదులు తీగ లాగి రెండో రౌటరు పెట్టుకోవాలి. హాస్టళ్లవాళ్లకు ఇది మినహాయింపు లేని నియమం కావాలి. పరీక్షలు రాసే పిల్లల దగ్గర నెలనెలా డబ్బు పుచ్చుకుంటున్నారు.

4. కదలని పరికరాలన్నీ తీగకు, తెలిసినంతవరకు తక్కినవి 5 గిగాహెర్ట్జ్‌కు మారాలి.

5. కొత్తగా కట్టే బిల్డరు గదిగదికీ నెట్టు తీగ పట్టే గొట్టం గోడలోనే వేయాలి. ఫ్లాటు కొనేవాళ్లు మాడ్యులర్ కిచెను గురించి అడిగేముందు దీన్ని అడగాలి.

6. తీగతో కొలిచి చూపకుండా ఎవడైనా ప్లాన్ పెంచమంటే, మంచినీళ్లిచ్చి పంపెయ్యాలి.

అక్కావాళ్ల మెట్లలో ఈ తీర్మానం సగమే నెగ్గింది. పై అంతస్తువారూ పక్క ఫ్లాటువారూ ఎక్స్‌టెండర్లు తీసేసి తీగలు లాగించుకున్నారు. కింది పెద్దమనిషి ససేమిరా అన్నాడు. ఛానెల్ 4లో ఆయన ఒంటరి పోరాటం ఇంకా సాగుతూనే ఉంది. మేనల్లుడి బల్లకు మాత్రం తీగ వచ్చింది, ఇంటర్వ్యూ మధ్యలో మాట తెగడం ఆగింది. ప్లాను మళ్లీ 100కు దిగింది. నెట్టు బాగుపడింది, బిల్లు తగ్గింది. ఈ రెండూ ఒకేసారి జరగడం చూసి బావ ఇంకా నమ్మలేకుండా ఉన్నాడు.

గొంతు చించుకుని అరిచేవాళ్లు నిండిన గదిలో మనమూ అరిస్తే మన మాట వినబడుతుందనుకోవడం ఈ రోజుల్లో వైఫైకి మాత్రమే పట్టిన జబ్బు కాదు. అయితే దీనికి ఒక సౌలభ్యం ఉంది. ఇక్కడ కొందరు గొంతు తగ్గిస్తే చాలు, అందరికీ మాట వినబడటం మొదలవుతుందని కొలిచి, అంకెలతో రుజువు చేయవచ్చు. ముందు ఎవరు తగ్గించాలీ అని అడక్కండి. ఈ వ్యాసం చదివినవాళ్లు.

తా.క.: మీ వైఫైకి "డేంజర్ వైరస్", "పోలీస్ వ్యాన్" లాంటి చమత్కారాలు పెట్టుకునే బదులు, "ఫ్లాట్ 302 ఛానెల్ 6" అని పెట్టి చూడండి. పక్కింటివారికి మీరెక్కడున్నారో, తామెక్కడ ఉండాలో తెలుస్తుంది. తలుపు తట్టి మాట్లాడుకోవడం మానేసిన మెట్లలో అదో పలకరింపు.